దొరసాని గౌను

కొత్తగూడ,
సెప్టెంబరు 12, 1998

అక్కా,

ఇల్లు మారామని రాయడానికి ఇన్నాళ్ళు పట్టినందుకు తిడతావని తెలుసు. తిట్టు, కానీ ముందు పూర్తిగా చదువు. ఇది హైదరాబాదు అంటే నువ్వు నమ్మవు. రైలు దిగి బస్సెక్కితే, ఆ బస్సు కూడా ఇక చాలనుకుని వెనక్కి తిరిగే చోట ఉంది మా ఇల్లు. చుట్టూ బండరాళ్ళు. మధ్యాహ్నం కాగానే వాటిని పేలుస్తారు. నేను మిషను ముందు కూర్చుంటే, నా ప్రమేయం లేకుండానే సూది ఒక కుట్టు ముందుకు దూకుతుంది. కింద వాటాలో ఉండే ఇంటావిడ పోచమ్మ గారు "జర ఓర్సుకో బిడ్డా, గిదంత కంప్యూటర్ల కోసమేనంట" అంటుంది. ఆ బండల పక్కనే వాళ్ళ జొన్న చేను ఉండేదట. ఇప్పుడు అక్కడ కంచె వేశారు.

మీ మరిది ఆఫీసు ఇప్పటికి బేగంపేటలోనే. డిసెంబరులో మాదాపూర్‌లో కడుతున్న గుండ్రటి పెద్ద బిల్డింగులోకి మారుతుందని ముందే ఇక్కడ ఇల్లు తీసుకున్నాం. అవినాష్ పొద్దున్నే వెళితే, నేను వండింది రెండోసారి వేడిచేశాక వస్తాడు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తికమకపడతాయట. ఆ తికమక ముందే సరిచేసే పనిలో ఉన్నాడు. నా తికమక సంగతి ఎవరూ అడగరు. వంటింట్లోకి వెళ్ళి ఎందుకు వచ్చానా అని నిలబడతాను. కిటికీ దగ్గరికి వస్తాను, మళ్ళీ వంటింట్లోకి పోతాను. కాకినాడలో నీ స్కూలు గంట వినబడితే ఇంత టైమయిందని తెలిసేది. ఇక్కడ బండలు పేలితేనే మధ్యాహ్నం. కాలు ఒకచోట నిలవడం లేదక్కా.

ఎస్టీడీ బూత్ చౌరస్తాలో ఉంది. వెనక జనం నిలబడి వింటుంటే నాకు మాట పెగలదు. నీకూ అంతేగా. ఉత్తరాలే రాసుకుందాం.

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది?

సంయుక్త

ఈ మూల కాస్త చోటు మిగిలింది. ఒక సంగతి. గౌను కుట్టడం మొదలుపెట్టాను. ఇంకా ఏదీ ఖాయం కాలేదు, ఎవరికీ చెప్పకు. నడుము దగ్గరే కొంచెం ఇబ్బందిగా ఉంది. వివరంగా మళ్ళీ రాస్తాను.

*

కాకినాడ,
సెప్టెంబరు 21, 1998

అమ్మడూ,

మూల ఉన్న నాలుగు ముక్కలే ముందు చదివాను. చదివి కుర్చీలో కూలబడ్డాను. తర్వాత లేచి దేవుడి దగ్గర దీపం పెట్టాను. అది పొద్దున్నే పెట్టేశానని వెలిగించాక గుర్తొచ్చింది. బండలూ బస్సులూ రేపు చదువుతాను, అవి ఎక్కడికీ పోవు.

ఇలాంటి సంగతి మన ఇంట్లో ఎవరు సూటిగా చెప్పారు గనక. నువ్వు కడుపులో పడ్డప్పుడు అమ్మ నాతో "ఈ ఏడాది ఆవకాయ ఇంకో జాడీ ఎక్కువ పెట్టాలే రాజేశ్వరీ" అంది. అంతే. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. ఆ జాడీకి అర్థం తెలియడానికి చాలా రోజులు పట్టింది. ఇప్పుడు తెలివి వచ్చిందిలే. నువ్వు గౌను అనగానే తెలిసిపోయింది. పెళ్ళయి ఆరేళ్ళు. నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు. ఎన్ని ఉత్తరాల్లో ఆ ప్రశ్న కలం దాకా వచ్చి ఆగిపోయిందో నాకే తెలుసు.

సరే, ఇక తిట్లు. పుట్టకముందే గౌను కుట్టడం ఏమిటే? కడుపులో ఉన్న పిల్లకి ఎవరైనా కొత్త గుడ్డ కుడతారా? అమ్మ లేకపోతే ఇవన్నీ నీకెవరు చెబుతారు, నేనే చెప్పాలి. కుట్టినంతవరకు విప్పెయ్. మిషను మూసి దుప్పటి కప్పు. అసలు కాలి మిషను తొక్కనే తొక్కకు. పుట్టాక పాత మెత్తటి చీర ముక్కలే చుడతాం. అమ్మ నేత చీరలు రెండు ఇందుకే దాచాను. ఇంకో మాట. గౌనే ఎందుకు? ఆడపిల్లని నీకెవరు చెప్పారు?

నడుము ఇబ్బందిగా ఉంటే ఎడమవైపు తిరిగి పడుకో. బరువులెత్తకు. కొలతలు తీస్తూ వంగకు.

ఎవరికీ చెప్పొద్దన్నావు, చెప్పలేదు. పక్కింటి భాగ్యమ్మ గారికి మాత్రం చెప్పాను. బ్యాంకు కామేశ్వరరావు గారికి కూడా చెప్పేలా ఉన్నాను. మా జీతాలు వేసే బ్యాంకులో ఆయన ఉండేవారు, నీకు తెలుసు. విశాఖపట్నం బదిలీ అయింది. వెళ్ళేముందు నన్నొక మాట అడిగారు. ఏం చెప్పాలో తోచక వీధి గుమ్మంలోంచి పెరట్లోకి, పెరట్లోంచి వీధిలోకి తిరుగుతున్నాను. ఇప్పుడు జవాబు తేలికైపోయింది. అది నీకు అక్కర్లేని సంగతి. నువ్వు తిని పడుకో.

అక్క

*

కొత్తగూడ,
సెప్టెంబరు 28, 1998
(పోస్టు చెయ్యలేదు)

అక్కా,

ఆ గౌను కాదు. దొరసాని గౌను.

చోటు చాలక రెండు ముక్కలు రాసి ఎంత పని చేశానో చూడు. అవినాష్ వాళ్ళు కొత్త ఆఫీసులోకి మారే రోజున ఒక నాటకం వేస్తున్నారు. కంప్యూటర్లు సంవత్సరంలో చివరి రెండు అంకెలే గుర్తుపెట్టుకుంటాయట. రెండువేలు వస్తే రెండు సున్నాలు చూసి పంతొమ్మిది వందలు అనుకుంటాయి. నాటకంలో అలాగే అనుకుంటాయి, ఆఫీసు తలుపు తెరుచుకుంటుంది, ఆ సంవత్సరపు ఇంగ్లీషు దొరసాని లోపలికి నడిచొస్తుంది. దొరసాని వేషం రసజ్ఞ అనే అమ్మాయిది, అవినాష్ పక్క సీటు. వేషం అద్దెకి దొరకలేదు. "మా ఆవిడ కుడుతుంది" అని అవినాష్ అనేశాడు. నాటకం ఉంటుందో లేదో అప్పటికి తెలియదు, అందుకే ఎవరికీ చెప్పొద్దన్నాను.

మొదట నాకు కోపం వచ్చింది. తర్వాత కోఠీలో పాత పుస్తకాల్లో దొరికిన ఒక బొమ్మల పుస్తకం తెచ్చాడు. అక్కా, ఆ గౌను చూడాలి. చెవుల దాకా నిలబడే కాలరు. భుజం దగ్గర ఉబ్బి మణికట్టు దగ్గర బిగిసే చేతులు. ముందు చదునుగా ఉండి, కుచ్చిళ్ళన్నీ వెనక్కి పోయి నేల మీద జీరాడతాయి. నాటకం రాసిన జశ్వంత్‌కి దొరసాని అంటే బుట్ట బోర్లించినట్టు ఉండాలట. ఆ సంవత్సరానికి బుట్ట లంగాలు పోయాయని పుస్తకం తెరిచి చూపించాను. బి.ఎ. చరిత్ర చదివింది ఆ ఒక్క వాదన కోసమే అన్నట్టు వాదించాను. గెలిచాను.

మదీనాగూడలో పరదాల గుడ్డ కొన్నాం, మీగడ రంగు. రవిక భాగం నిటారుగా నిలబడాలంటే లోపల బద్దలు పెట్టాలి. గోపన్‌పల్లి నుంచి తెప్పించిన వెదురు బద్దలు రసజ్ఞ ఒకసారి వంగగానే పటుక్కుమన్నాయి. ఇప్పుడు ఆఫీసులో పారేసిన నీలం కేబులు ముక్కలు పెట్టాను. వంగుతాయి, విరగవు. ఇబ్బందిగా ఉన్నది నా నడుము కాదు, రసజ్ఞ నడుము. ఊపిరి బిగబడితే హుక్కు పడుతుంది, వదిలితే ఊడుతుంది.

నీ ఉత్తరం చదివి పకపకా నవ్వాను. పోచమ్మ గారు పైకి వచ్చి చూసి వెళ్ళింది. ఆవిడ వెళ్ళాక ఏడ్చాను. తర్వాత మళ్ళీ చదివాను. ఎడమవైపు తిరిగి పడుకో అన్నచోట ఆగి మళ్ళీ మళ్ళీ చదివాను. ఆరేళ్ళుగా ఆ మాట నాతో ఎవరూ అనలేదు. ఆ రోజు నిజంగానే ఎడమవైపు తిరిగి పడుకున్నాను.

నువ్వు వెలిగించిన రెండో దీపం ఈ ఉత్తరంతో నేనే ఆర్పాలి. చేతులు రావడం లేదు. రేపు పోస్టు చేస్తాను.

సంయుక్త

*

కొత్తగూడ,
అక్టోబరు 9, 1998

అక్కా,

నీ ఉత్తరం అందింది. నేను బాగానే ఉన్నాను. బరువులు ఎత్తడం లేదు. నువ్వు ఎక్కువగా ఆలోచించకు, ఎవరికీ ఏమీ చెప్పకు. దీపావళి సెలవుల్లో మోకాలు డాక్టరుకి చూపించుకో.

కామేశ్వరరావు గారు ఏమడిగారు? నాకు అక్కర్లేని సంగతి అని నువ్వు రాస్తే అది తప్పకుండా నాకు కావలసిన సంగతే అయి ఉంటుంది. జవాబు చెప్పడానికి తొందరపడకు. అసలు దేనికీ తొందరపడకు.

అవినాష్ నమస్కారాలు చెప్పమన్నాడు.

సంయుక్త

*

కాకినాడ,
నవంబరు 8, 1998

అమ్మడూ,

ఈ ఉత్తరం, దీనితో ఉన్న డబ్బా, రెండూ భాగ్యమ్మ గారి అన్నకొడుకు పార్థసారథి చేతికి ఇస్తున్నాను. సికింద్రాబాదులో ఉద్యోగం, నెమ్మదైన కుర్రాడు. తలుపు తియ్యగానే నిన్ను కూర్చోబెట్టి, తర్వాతే డబ్బా ఇవ్వమన్నాను.

చలిమిడి. నా లెక్క ప్రకారం నీకిప్పుడు అయిదో నెల. పుట్టింటి నుంచి రావాలి, పుట్టిల్లంటే నేనే కదా. బియ్యం నానబోసి, నేనే దంచి, నేనే జల్లించాను. భాగ్యమ్మ గారు మిల్లుకి ఇద్దామంటే వినలేదు. కొబ్బరి ముక్కలూ గసగసాలూ అమ్మ వేసినంతే వేశాను. ముందు నువ్వు తిను, తర్వాత అక్కడున్న ముత్తయిదువులకి పంచు. కడుపు చల్లగా ఉండాలని అనుకుంటూ తిను. నేను ఇక్కడ అదే అనుకుంటూ ఉంటాను.

నీ ఉత్తరం మరీ పొట్టిగా ఉంది. వేవిళ్ళేమో అనుకున్నాను.

అడిగావు కనక చెబుతున్నాను. కామేశ్వరరావు గారు నన్ను పెళ్ళి చేసుకుంటారా అని అడిగారు. ఆ మాట పాస్ పుస్తకం తిరిగిస్తూ అడిగారు. నేను పుస్తకం తీసుకుని, థాంక్సండి అని ఇంటికి వచ్చేశాను. ఆయన భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. విశాఖపట్నం వెళ్ళి ఉత్తరం రాశారు, అక్షరం గుండ్రంగా ఉంటుంది. మర్యాదస్తుడు. అందులో ఏమీ లోపం లేదు.

కానీ ఏప్రిల్‌లో నీ పురుడు. తర్వాత పిల్లని చూసుకోవాలి. నువ్వు నాలుగు నెలలైనా ఇక్కడ ఉంటావు. ఆ తర్వాత బారసాలలూ అన్నప్రాసనలూ. నేను విశాఖపట్నంలో ఇంకొకరి ఇల్లు సర్దుకుంటూ కూర్చుంటే నీకెవరున్నారు? దీపావళి మరునాడే రాసి పంపేశాను, కుదరదండి, మా చెల్లెలికి నేను కావాలి అని. నీ వల్ల ఆ బెడద వదిలింది. ఇల్లు వెల్ల వేయిస్తున్నాను.

అక్క

*

కొత్తగూడ,
నవంబరు 23, 1998

అక్కా,

దీనితో పాటు ఇంకో ఉత్తరం పెడుతున్నాను. సెప్టెంబరులో రాసింది, పోస్టు చెయ్యనిది. ముందు అది చదివి, తర్వాత ఇటు రా.

చదివావా?

పార్థసారథి వచ్చినప్పుడు గది నిండా గౌనే ఉంది. రసజ్ఞ దాని లోపల నిలబడి ఉంది, నేను నోట్లో గుండుసూదులు పెట్టుకుని కింద కూర్చుని అంచు మడుస్తున్నాను. ఆ అబ్బాయి గుమ్మంలో నిలబడి, "మీ అక్కగారు మిమ్మల్ని కూర్చోమన్నారండి" అన్నాడు. కూర్చునే ఉన్నానని చెప్పాను. డబ్బా ఇచ్చి వెళ్ళిపోయాడు. పోచమ్మ గారు మూత తీసి చూసి, "గిదేంది బిడ్డా?" అంది. మా వైపు కడుపుతో ఉన్నవాళ్ళకి పుట్టింటివాళ్ళు పంపిస్తారని చెప్పాను.

"మరి నువ్వున్నవా?"

"లేను."

"మీ అక్కకు ఎర్కనా?"

తెలియదన్నాను. ఆవిడ డబ్బా మూత మూసేసింది. "ఇగ జెప్పు. గామె ఆడ దినాలు లెక్కవెట్టుకుంట కూసుంటది గద" అంది. రసజ్ఞ గుండుసూదుల మధ్య కదలలేక అలాగే నిలబడిపోయింది. నేను ముందు నీ ఉత్తరం చదివాను. తర్వాత డబ్బా తెరిచి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అమ్మ చేసినట్టే ఉంది. అది నాకు చెందదని తెలిసే తిన్నాను. మిగిలింది పంచలేదు, ఏమని పంచను?

తప్పు చేశాను. నవ్వులాటగా ఒక కార్డు ముక్క రాస్తే ఆగిపోయేది. నిన్ను నమ్మనిచ్చాను, ఎందుకంటే నువ్వు నమ్ముతుంటే నాకు సుఖంగా ఉంది. అందరూ నన్ను జాలిగా చూస్తారు, నువ్వు ఒక్కదానివే సంబరంగా తిట్టావు. ఆ తిట్ల కోసం నిన్ను ఇన్ని వారాలు మోసం చేశాను. దానికి నువ్వు ఏం వదులుకున్నావో ఇప్పుడు తెలిసింది.

పిల్ల లేదు, పురుడు లేదు. ఏప్రిల్‌లో నీకు ఏ పనీ లేదు. ఇవాళే ఆయనకి రాయి. నన్ను ఎన్ని తిట్టాలో అన్నీ ఆ తర్వాత తిట్టు.

సంయుక్త

*

కాకినాడ,
డిసెంబరు 3, 1998

శ్రీమతి సంయుక్తకి,

ఉత్తరాలు రెండూ అందాయి. గౌను బాగా కుదురుతుందని తలుస్తాను.

భాగ్యమ్మ గారికి చెప్పాను. ఆవిడ వేరే ఇంకెవరికి చెప్పారో వాళ్ళకీ నేనే వెళ్ళి చెప్పాను.

రాజరాజేశ్వరి

*

కొత్తగూడ,
డిసెంబరు 22, 1998

అక్కా,

రెండుసార్లు బూత్‌కి వెళ్ళాను. మీ స్కూలుకి ఫోన్ చేస్తే క్లాసులో ఉన్నారన్నారు, మళ్ళీ చేస్తే క్లాసులో లేరన్నారు. నువ్వు పక్కనే నిలబడి అనిపించావని నాకు తెలుసు. "శ్రీమతి సంయుక్తకి" అని రాసిన కాగితం చూసి అవినాష్ కూడా భయపడ్డాడు.

నాటకం అయిపోయింది. కొత్త బిల్డింగులో రంగు వాసన ఇంకా పోలేదు. తలుపు తెరుచుకుని రసజ్ఞ నడిచొచ్చింది. మీగడ రంగు గౌను, గడ్డం కింద నిలబడ్డ కాలరు, వెనక నేల మీద జారుతూ వచ్చే కుచ్చిళ్ళు. నిజంగా ఎవరో వందేళ్ళ అవతలి నుంచి వచ్చి, ఇదెవరిల్లు అని చూస్తున్నట్టు ఉంది. కూర్చోబోయేసరికి ఒక కేబులు ముక్క కుట్టు చీల్చుకుని చంక దగ్గర బయటికి వచ్చింది. జశ్వంత్ దాన్ని పట్టుకుని "దొరసానికి కనెక్షన్ ఊడింది" అన్నాడు, జనం విరగబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అవినాష్ పక్కవాళ్ళకి వివరిస్తున్నాడు, కంప్యూటరు తప్పేమీ లేదు, ఉన్న రెండు అంకెలు చూసి తనకి తెలిసిందే అనుకుంది అని. నువ్వే గుర్తొచ్చావు. నువ్వూ ఉన్న ఒక్క మాట చూసి, నీకు కావలసిందే అనుకున్నావు.

అందుకే ఒకటి అడుగుతాను. కోపం వస్తే రానీ, ఇప్పటికే ఉన్న కోపానికి ఇంకొంచెం కలుస్తుంది.

కామేశ్వరరావు గారికి కాదని చెప్పడానికి నా కడుపు ఎందుకు కావలసి వచ్చింది? నాకు పిల్ల పుడితే నువ్వు పెళ్ళి చేసుకోకూడదని ఎవరన్నారు? పురుడు విశాఖపట్నంలో పొయ్యలేరా? అక్కడ వేన్నీళ్ళు కాగవా? నేను అబద్ధం ఆడాను, నిజమే. నువ్వు ఆ అబద్ధం వెనక దాక్కున్నావు. నీ ఉత్తరంలో "ఆ బెడద వదిలింది" అని ఉంది. అక్షరం గుండ్రంగా ఉంటుందని కూడా ఉంది. బెడద అనిపించిన మనిషి అక్షరం ఎవరైనా చూస్తారా?

ఇంకొకటి ఉంది. ఇది చెప్పకుండా పై మాటలు అనే హక్కు నాకు లేదు. పరీక్షలన్నీ చేసి డాక్టరు చెప్పి ఏడాది దాటింది. మాకు పిల్లలు పుట్టే ఆశ దాదాపు లేదు. అవినాష్‌కీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. తన అమ్మకి కూడా చెప్పలేదు. మేమిద్దరం కూడా దాని గురించి మాట్లాడుకోం. తను ఆఫీసులో ఉండిపోతాడు, నేను వంటింట్లోకి వెళ్ళి ఎందుకు వచ్చానా అని నిలబడతాను. ఇల్లు మారితే పోతుందనుకున్నాం, మాతోనే వచ్చింది.

నువ్వు నా పిల్ల కోసం కాచుకుంటే ఇక కాచుకునే ఉంటావక్కా. వెల్ల వేసిన ఇంట్లో, అమ్మ చీరలు దగ్గర పెట్టుకుని, నేను రాని ఏప్రిల్ కోసం ప్రతి ఏడూ. నేను అది భరించలేను. నాకు లేనిది నాకు చాలు, దాని పేరు చెప్పి నీకు కూడా లేకుండా పోతే నేను ఎక్కడికని పారిపోను?

సంయుక్త

*

కాకినాడ,
జనవరి 17, 1999

అమ్మడూ,

ఏడాది నుంచి ఒక్కదానివే మోస్తున్నావా? నాకు రాయడానికి కూడా చెయ్యి రాలేదా? నిన్ను అడగలేదని మొదటి ఉత్తరంలో గొప్పగా రాసుకున్నాను. అడగాల్సింది. అడగకపోవడం మర్యాద అనుకున్నాను. నీ ఉత్తరం పట్టుకుని పెరట్లో నిలబడి గట్టిగానే ఏడ్చాను. భాగ్యమ్మ గారు గోడ మీంచి చూసి, ఏమీ అడగకుండా లోపలికి వెళ్ళారు.

అవినాష్‌కి నా మాటగా చెప్పు, ఆఫీసులో ఎంతసేపు కూర్చున్నా రావలసింది ఇంటికే అని. కోపంగా చెప్పకు.

చలిమిడి గురించి. అది నీకు చెందదని ఎవరన్నారు? నీ కోసం చేశాను, నువ్వు తిన్నావు. అంతటితో అయిపోయింది.

నువ్వు అడిగినదానికి జవాబు రాయడానికి పండగ సెలవులన్నీ పట్టాయి. నిజం చెబుతాను. నీ మొదటి ఉత్తరంలో ఆ మూల చదివినప్పుడు ముందు నాకు వచ్చింది సంతోషం కాదు. అమ్మయ్య అనిపించింది. ఇక ఆయనకి జవాబు ఆలోచించక్కర్లేదు అని. సంతోషం ఒక నిమిషం ఆగి వచ్చింది. ఆ నిమిషం సంగతి నాకు ముందే తెలుసు, అందుకే నీ మీద అంత కోపం వచ్చింది. నువ్వు నా చేతిలోంచి సాకు లాగేసుకున్నావు.

నలభై మూడేళ్ళు వచ్చాయి. చిన్నప్పుడు నాన్న, తర్వాత నువ్వు, తర్వాత స్కూలు పిల్లలు. ఎవరికో ఒకరికి నేను కావాలి, అందుకే ఉన్నాను అనుకున్నాను. ఈయన అలా అడగలేదు. వంట చేసిపెట్టమని కాదు, ఇల్లు చూడమని కాదు. మీరు ఉంటే నాకు బాగుంటుంది అని రాశారు. భయమేసింది. ఇప్పుడూ వేస్తోంది.

నిన్న ఆయనకి ఉత్తరం రాశాను. గౌను సంగతి అంతా రాశాను, నేను పొరపడ్డది, నువ్వు దాచింది, నేను దాక్కున్నది. పోస్టు డబ్బాలో వేసి ఇంటికి వచ్చి, కాసేపు ఆగి, వెనక్కి తీసుకోవచ్చునేమో అడుగుదామని మళ్ళీ వెళ్ళాను. డబ్బా తాళం తీసే మనిషి అప్పుడే సంచి సైకిలుకి కట్టుకుంటున్నాడు. "ఏమైనా కావాలాండి?" అన్నాడు. ఏమీ వద్దండి అన్నాను.

అక్క

*

విశాఖపట్నం,
మార్చి 28, 1999

అమ్మడూ,

మా పెళ్ళయ్యాక నువ్వూ అవినాష్ అన్నవరంలో రైలెక్కినప్పటి నుంచి రాద్దామనుకుంటున్నాను. దండలు మార్చుకుంటుంటే నువ్వు ఏడ్చిన ఏడుపుకి అక్కడి పూజారి నన్ను చూసి, అమ్మాయికి మీరేమవుతారని అడిగాడు. నా బదులు కామేశ్వరరావు గారే "ఆవిడకి అక్కగారండి, అమ్మగారు కూడా" అన్నారు.

స్కూలుకి ప్రస్తుతం సెలవు పెట్టాను. ఇక్కడి ఇల్లు చిన్నది. మేడ మీదికి వెళితే సముద్రం కనిపిస్తుంది. మదీనాగూడ స్కూలువాళ్ళు పిల్లల వేషాలు కుట్టమన్నారని చెప్పావు, అప్పుడు నీ కళ్ళు చూశాను, ఒప్పుకునే ఉంటావు. అవినాష్ నీ పక్కన కూర్చుని మాట్లాడుతున్నాడు, అదీ చూశాను.

ఇక నా సంగతి. ఆయన మంచివారు. అదే నా కష్టం. ఆయన బట్టలు ఆయనే ఉతుక్కుంటారు. పొద్దున్నే లేచి కాఫీ కలిపి నాకు ఇస్తారు. నేను లేస్తే, కూర్చోండి అంటారు. కూర్చోవడం నాకు రాదు. ఆయన బ్యాంకుకి వెళ్ళాక ఈ గదిలోంచి ఆ గదిలోకి నడుస్తాను. బీరువా తెరిచి మూస్తాను. ఎవరికైనా జ్వరం వస్తే బాగుండును అనిపించి, నన్ను నేనే తిట్టుకుంటాను. నిన్న సాయంత్రం ఆయన వచ్చి, ఇవాళ ఏం చేశారు అని మామూలుగా అడిగారు. నేను పరీక్షలో జవాబు రాని పిల్లలా నిలబడ్డాను.

నీకు జ్ఞానం వచ్చినప్పటి నుంచి నేను చెబుతూనే ఉన్నాను, ఇలా పడుకో, అలా తిను, ఇది కుట్టు, అది విప్పు అని. నాకు తెలిసినవన్నీ ఇంకొకరి కోసం చేసే పనులే. ఎవరికీ నా అవసరం లేని ఇంట్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎలా ఉండాలో నాకు ఎవరూ నేర్పలేదు. ఆ కొత్తగూడ ఇంట్లో నువ్వు ఒక్కదానివే నేర్చుకున్నావు.

ఈసారి నువ్వు చెప్పు. నేను వింటాను.

అక్క